అతికిన కుబుసం

ధర్మవరం,
5-7-1959.

చెల్లెలు ఈశ్వరికి,

అక్కను మరిచిపోయావా అని అడగను. మరిచిపోయావని తెలుసు. హిందూపురం ఆడపిల్లల బడిలో సైన్సు టీచరమ్మవు అయినప్పటి నుంచీ రెండు నెలలకొక కార్డు ముక్క రాస్తావు. అందులోనూ సగం పెనుకొండలో అమ్మ జ్వరం గురించే. సరే, ఆ సంగతి ఎదురుపడ్డప్పుడు తేలుస్తాను. ఇప్పుడు నీతో పని పడింది.

ఉగాది దాటాక మీ బావ కుడిచెయ్యి పడిపోయిందని రాశాను కదా. నాటువైద్యం అయింది, ఆస్పత్రి అయింది, చెయ్యి మాత్రం లేవలేదు. సగం నేసిన పట్టుచీర మగ్గం మీద అలాగే ఉండిపోయింది. పది రోజులు దాని మొహం చూశాను. పదకొండో రోజు పొద్దున్నే తలకు పోసుకుని, నేనే మగ్గం కింది గుంతలోకి కాళ్ళు దించి కూర్చున్నాను. చిన్నప్పుడు నాయన అన్నానికి లేచినప్పుడల్లా మనిద్దరం దొంగతనంగా ఆయన మగ్గమెక్కలేదా? నీ చేతిలో దారం తెగేది, నా చేతిలో తెగేది కాదు. ఆ చెయ్యి ఇంకా పోలేదు.

ఇప్పుడు నేను నేస్తాను. మీ బావ పక్కన కూర్చుని ఎడమచేత్తో దారపు కండెలు చుట్టి అందిస్తాడు. కండెలు ఆడది చుట్టాలి, మగ్గం మగవాడు తొక్కాలి అని ఈ వీధిలో ఎవరో శాసనం వేసినట్టుంది, వచ్చేపోయేవాళ్ళంతా వాకిట్లో ఆగి నవ్విపోతున్నారు. మొన్న చేనేత సంఘం మనిషి నేతగాళ్ళ పట్టీ రాసుకోవడానికి వచ్చాడు. నేను నేస్తూ ఉండగా నా ఎదురుగానే నిలబడి, "నేత, ఓబుళప్ప. భార్య, కండెలు" అని రాసుకుని పోయాడు. కళ్ళుండీ చూడనివాడికి ఏం చెప్పేది?

అసలు సంగతి ఇది. పోయిన మంగళవారం పొద్దున గుంతలో కాళ్ళు పెట్టగానే పాదాల మీద చల్లగా ఏదో పాకింది. నల్లటి ఒళ్ళు, తెల్లటి చారలు. గోడ నెర్రెలోకి దూరిపోయింది. వీధంతా కట్లపాము, కట్లపాము అని కేకలు. మా ఆంజనప్ప బావ, అంటే మీ బావకు అన్న, వచ్చి చేతులు కట్టుకుని నిలబడి ఏమన్నాడో తెలుసా? "ఆడమనిషి గుంతలో కాళ్ళు పెడితే నాగప్ప ఊరికే ఉంటాడా? చెప్పినా ఇనకపోతివి."

పాము దిగిన గుంతను పూడ్చేసి ఇంకో చోట తవ్వుకోవడం మా అత్తవారింటి ఆచారం. కానీ నాకోసం ఇంకో గుంత తవ్వరట. మగ్గం విప్పి ఆయన ఇంటికి మోసుకుపోతాడట. మేమిద్దరమూ పోయి ఆయన కొట్టంలో కండెలు చుట్టుకుని బతకాలట. నేను పూడ్చనివ్వనన్నాను. ఇంకోసారి పాము కనబడితే నన్ను అడిగేది లేదని చెప్పిపోయాడు.

నువ్వు జంతువుల పాఠం చెబుతావు కదా. చారలున్నవన్నీ కట్లపాములేనా? నిజం చెప్పు. నన్ను ఓదార్చడానికి రాయొద్దు.

నీ అక్క,
రామాంజినమ్మ


హిందూపురం,
14-7-1959.

అక్కకు,

నీ ఉత్తరం చదివి ముందు భయపడ్డాను, తర్వాత ఆంజనప్ప బావ మాటకు ఒళ్ళు మండింది. ఎదురుగా ఉన్నది ఆడో మగో చూసి కోపం తెచ్చుకునేంత తెలివి పాముకు లేదు. ఆ తెలివి మనుషులదే.

నువ్వడిగిన దానికి జవాబు, చారలున్నవన్నీ కట్లపాములు కావు. జంతుశాస్త్రం వాళ్ళు ఏ ప్రాణినైనా ఒంటి గుర్తులను బట్టి విడదీస్తారు. వెన్నెముక ఉందా లేదా, ఒంటి మీద వెంట్రుకా ఈకా పొలుసా, పిల్లకు పాలిస్తుందా లేదా, ఇలా ఒక్కొక్క ప్రశ్న వేసుకుంటూ పోతారు. రంగును నమ్మరు. ఎక్కడ ఉంటుందన్నది నమ్మరు. జనం పెట్టిన పేరు అసలే నమ్మరు. గబ్బిలం ఎగురుతుంది కాబట్టి పక్షి అని నా క్లాసులో ముప్పై మంది పిల్లలు చెయ్యెత్తారు. దానికి ఒంటినిండా వెంట్రుకలున్నాయి, పిల్లకు పాలిస్తుంది, అందుచేత అది ఆవుకు దగ్గర, కాకికి దూరం. నలికిరిని మనం పాము అని కొడతామా, దానికి నాలుగు కాళ్ళున్నాయి! అది బల్లి జాతి.

మనవైపు చారలున్న పాములు రెండు రకాలున్నాయని నా దగ్గరున్న పాత ఇంగ్లీషు పుస్తకం చెబుతోంది. ఒకటి కట్లపాము. కాటేస్తే నొప్పి కూడా తెలియదు, ప్రాణం పోతుంది. ఇంకొకటి దాని వేషం వేసుకుని తిరిగే అమాయకపు పాము, బల్లులను తింటుంది, విషం లేదు. రెండింటినీ విడదీయాలంటే పొలుసులు చూడాలి. బతికున్న పాము జోలికి మాత్రం వెళ్ళకు. కుబుసం విడిస్తే చాలు, ఒంటి మీద ఎన్ని పొలుసులున్నాయో అన్నీ కుబుసంలో అచ్చుపడి ఉంటాయి. రంగు మాత్రం ఉండదు. రంగు లేకపోవడమే మనకు మంచిది, మోసపోకుండా ఉంటాం. కుబుసం దొరికితే నాకు పంపు.

అంతవరకూ గుంతలో కాళ్ళు పెట్టే ముందు కర్రతో నాలుగు మూలలా తట్టు. ఓబుళప్ప బావను అడిగినట్టు చెప్పు. కండెలు చుట్టే మగవాడు ఈ జిల్లాలో ఆయన ఒక్కడే అయినా సరే, ఆయన నాకు గొప్పవాడే.

నీ చెల్లెలు,
ఈశ్వరి


ధర్మవరం,
9-8-1959.

ఈశ్వరికి,

గబ్బిలం పాలిస్తుందని మీ బావకు చదివి వినిపిస్తే రెండు రోజులు నవ్వాడు. చెయ్యి పడిపోయాక ఆ మనిషి అంతలా నవ్వడం ఇదే. అందుకు నీకు పుణ్యం.

కుబుసం దొరికింది. వెదురు గొట్టంలో పెట్టి, పాతగుడ్డ చుట్టి రిజిస్టరు చేసి పంపుతున్నాను. పోస్టాఫీసులో ఏముందని అడిగితే పట్టు అన్నాను. చూస్తే అబద్ధమనిపించదు, అంత మెత్తగా ఉంది.

రంగును నమ్మొద్దని నువ్వు రాసింది నాకు కొత్త సంగతేం కాదు. చీర కొనే షావుకారు రంగు చూస్తాడు, నేసేవాళ్ళం తిరగేసి చూస్తాం. లోపలివైపు దారాలు ఎలా పోయాయో చూస్తే ఎవరి మగ్గం మీద దిగిందో కూడా చెప్పేస్తాం. పాము కుబుసం కూడా విడిచేటప్పుడు లోపలివైపు బయటికి తిరుగుతుందని నాకు చూడగానే తెలిసిపోయింది. ఊరుకోలేక పొలుసులు లెక్కపెట్టాను కూడా. పడుగు పోగులు వేలకొద్దీ లెక్కపెట్టేదాన్ని, ఇదొక లెక్కా? కడుపు మీది వెడల్పాటి పట్టీలు వదిలేసి వీపు మీదుగా అడ్డంగా లెక్కపెడితే మెడకింద నుంచి నడుము దాకా పదిహేడు వరుసలు. కిందికి పోయేసరికి రెండు తగ్గి పదిహేనయ్యాయి. తోక వైపు సన్నబడాలి కదా, అందుకు తగ్గించుకుంటూ పోయింది కాబోలు. మంచి నేతగత్తె.

ఆంజనప్ప బావ రోజుకోసారి వాకిట్లోకి వచ్చి గుంత వైపు చూసి పోతున్నాడు. నేను ఆయన వచ్చినప్పుడల్లా కావాలనే పోగు బిగించే పలక గట్టిగా కొట్టి నేస్తున్నాను. త్వరగా చూసి రాయి.

రామాంజినమ్మ


హిందూపురం,
20-8-1959.

అక్కకు,

నువ్వు గెలిచావు. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతాది రాస్తాను.

గొట్టం తెరిచి, చిరిగిపోతుందేమోనని భయపడుతూ సగం వరకూ విప్పి, తల దగ్గర భూతద్దం పెట్టి చూశాను. ముక్కుకూ కంటికీ నడుమ ఒక చిన్న పొలుసు విడిగా ఉంది. కట్లపాముకు ఆ పొలుసు ఉండదు. నీ లెక్క ప్రకారం పదిహేడు వరుసలు, నేనూ లెక్కపెట్టాను, సరిపోయింది. కట్లపాముకు పదిహేనే. అంటే నీ గుంతలోకి వచ్చింది బల్లులను తినే పామే. ఇంగ్లీషులో వుల్ఫ్ స్నేక్ అంటారు. దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకున్నా ఏమీ కాదు, అంతకంటే ఎక్కువ ధైర్యం నేను చెప్పలేను.

నాకెంత గర్వంగా ఉందో చెబితే నవ్వుతావు. చదువుకున్నందుకు ఇన్నాళ్ళకు మన ఇంటికి పనికొచ్చాను. ఆంజనప్ప బావకు నా పేరు చెప్పి ఈ ఉత్తరం చదివి వినిపించు. గుంతలో నాగప్ప లేడు, బల్లుల కోసం వచ్చిన బీదపాము ఉందని చెప్పు. ఇక కర్ర తట్టక్కర్లేదు, హాయిగా కాళ్ళు చాపుకుని నెయ్యి.

ఈశ్వరి


ధర్మవరం,
20-9-1959.

ఈశ్వరికి,

నీ ఉత్తరం వీధిలో నలుగురి ముందు చదివాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆంజనప్ప బావ చివరిదాకా విని, "హిందూపురంలో కూర్చోని ధర్మవరం పాముకు పేరు పెడతాందా మీ చెల్లెలు?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను వచ్చి గుంతలో కూర్చున్నాను.

అప్పట్నుంచి రెండు చీరలు దించాను. రెండోదానికి నెమలిపింఛం రంగు ఒళ్ళు, మామిడిపిందెల అంచు. మీ బావ మగ్గం మీద పడ్డ మంచి చీరల్లో ఇదొకటి అని ఆయన నోటితోనే అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, పొగ అని చెప్పాను.

గెలిచావని నువ్వు రాశావు కానీ ఇంకా లేదు. మహాలయ అమావాస్య నాడు మగ్గాలు ఆపుతారు కదా, ఆ రోజు కులపెద్దలను పిలిపించి గుంత పూడ్పిస్తానని ఆంజనప్ప బావ ఊరంతా చెప్పుకొచ్చాడు. పెద్ద చౌడప్ప తాత కూడా వస్తాడట. ఎనభై దాటిన మనిషి, కళ్ళు పొరలు కమ్మాయి కానీ ఆయన మాట దాటేవాళ్ళు ఈ వీధిలో లేరు. వాళ్ళు పూడ్చమంటే ఏం చేస్తావని మీ బావ అడిగాడు. నేను గుంతలోనే కూర్చుంటాను, నా మీద మన్ను పొయ్యమని చెప్పాను. కోపంతో అన్న మాట కాదు, అలాగే చేస్తాను. ఈ గుంత పోతే నేను మళ్ళీ పోగు విసిరే నాడె పట్టేది లేదని నాకు తెలుసు.

నువ్వు చెప్పినట్టే కర్ర తట్టడం మానేశాను. మగ్గం మీది గోడకు బల్లులు మాత్రం ఇదివరకటిలా కనబడడం లేదు. నీ బీదపాము బాగానే తింటోంది.

రామాంజినమ్మ


పెనుకొండ,
1-10-1959, పొద్దున.

అక్కా,

ఇది చదివేటప్పుడు నువ్వు గుంతలో ఉంటే ముందు కాళ్ళు పైకి తియ్యి. తీశాకే మిగతాది చదువు.

అమ్మకు జ్వరం ఎక్కువైందని సెలవు పెట్టి నిన్న వచ్చాను. నీ గెలుపు చూపిద్దామని ఆ కుబుసం కూడా తెచ్చాను. అమ్మ పడుకునే దాన్ని చేతిలోకి తీసుకుని, గొట్టంలోంచి మొత్తం బయటికి లాగింది. నేను చిరుగుతుందంటున్నా వినకుండా తలనుంచి తోక దాకా వేళ్ళతో తడుముతూ పోయి, నడుము దగ్గర ఆగిపోయింది. "ఈడ అతుకు ఉండాది" అంది. నేను నమ్మలేదు. "గంజి పల్చగా పూసి అతికినారు. రామాంజిని చెయ్యే ఇది, నాకు తెలీదా?" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

తడిగుడ్డ పెట్టి చూశాను. విడిపోయింది. రెండు ముక్కలు. ఎందుకు చెప్పలేదు నువ్వు?

కిందిముక్కను నేను ఇవాళే మొదటిసారి చూశాను. వీపు నడిమి వరుసలో పొలుసులు మిగతావాటికంటే పెద్దవి, ఆరు మూలలవి. తోక అడుగున పట్టీలు రెండేసి లేవు, ఒక్కొక్కటే ఉన్నాయి. వరుసలు పదిహేను. రెండు తగ్గించుకోవడం కాదక్కా, అది వేరే పాము. పైముక్క అమాయకపుది. కిందిముక్క కట్లపాముది. నీ ఇంట్లో రెండూ ఉన్నాయి. బల్లుల కోసం మొదటిది వచ్చింది, కట్లపాము పాములను కూడా తింటుంది, దీని కోసం అది వచ్చింది.

తప్పు నీది కాదు, నాది. తల చూసి తేల్చేసి పుస్తకం మూసేశాను. సగం ప్రాణిని చూసి మొత్తానికి పేరు పెట్టాను. పైగా కర్ర తట్టొద్దని రాశాను. నలభై రోజులు నువ్వు నా మాట నమ్మి ఆ గుంతలో కాళ్ళు చాపావు.

మన వీధి హనుమంతప్ప మామ మధ్యాహ్నం బండికి ధర్మవరం వస్తున్నాడు, ఆయన చేతికే ఇస్తున్నాను. రెండు ముక్కలూ ఇందులోనే ఉన్నాయి. అమ్మకు రాత్రి ఒళ్ళు కాలిపోయింది, వదిలి రాలేను. రేపు అమావాస్య అని తెలుసు. గుంత పూడ్చనిచ్చినా సరే, నువ్వు బతికుంటే నాకు చాలు.

ఈశ్వరి


ధర్మవరం,
4-10-1959.

ఈశ్వరికి,

బతికే ఉన్నాను. గుంత కూడా ఉంది. నీ ఉత్తరం చివరి వాక్యానికి మాత్రం నిన్ను క్షమించను. గుంత పూడ్చనిచ్చి బతకమని నాకు చెప్పేదానివి నువ్వా?

హనుమంతప్ప మామ వచ్చేసరికి నేను నేస్తున్నాను. నువ్వు చెప్పినట్టే ముందు కాళ్ళు తీశాను. నలభై రోజులు ఒక్క రోజుగా కళ్ళముందు తిరిగాయి. మీ బావ ఎడమచేత్తో నా పాదాలు రెండూ తడిమి, వేళ్ళ సందులు కూడా చూశాడు.

అతుకు సంగతి చెప్పాలి. కుబుసం నాకు రెండు ముక్కలుగా దొరికింది. తలముక్క గుంతలో దొరికింది. తోకముక్క నాలుగు రోజుల తర్వాత గంజికుండ వెనక దొరికింది. తెగి రెండైన ఒకే కుబుసం అనుకున్నాను. మన ఇంట్లో ఎవరైనా చిరిగిన సరుకు బయటికి పంపారా? పైగా టీచరమ్మ బడికి. పడుగు అతికినంత జాగ్రత్తగా అతికాను. కనబడకుండా అతకడమే కదా మనకు నేర్పింది. చెప్పకపోవడం ఎందుకంటే, చెబితే అతుకు ఎక్కడుందో వెతికి పట్టేస్తావు కదా. అంత పిచ్చిదాన్ని. నా చేతి పనితనమే నన్ను చంపబోయింది.

ఇప్పుడు అమావాస్య సంగతి. పొద్దున్నే ఆంజనప్ప బావ ఇద్దరు కూలీలతో మూడు గంపల మన్ను పెట్టుకుని వచ్చాడు. నలుగురు పెద్దలు, మధ్యలో మంచం మీద చౌడప్ప తాత. వీధంతా వాకిట్లోనే ఉంది. మన్ను పొయ్యక ముందు లోపల ఏముందో చూడండి అని నేనే అన్నాను. మీ బావ పొడుగాటి కర్రతో తొక్కుడుపలకలు ఒక్కొక్కటే పైకి లేపాడు. మూడోదాని వెనక, ఎలుకబొక్కలో చుట్టుకుని ఉంది. నల్లగా మెరుస్తూ, తోక వైపు చారలు గట్టిగా, తల వైపు వచ్చేకొద్దీ చెరిగిపోయి. వీపు మీద పెద్ద పొలుసులు నువ్వు రాసినట్టే వరుసగా, నిలబడినచోటి నుంచే లెక్కపెట్టేటట్టు ఉన్నాయి.

ఆంజనప్ప బావ ఒక్క ఎగురుతో రోలెక్కాడు. రోలు మీద నిలబడే, చూసినారా నాగప్ప, నేను చెప్పలేదా అని అరిచాడు.

నాకప్పుడు భయం పోయింది. ఎలా పోయిందో తెలియదు. "నాగప్పకు పడగ ఉంటాది బావా, దీనికి యాడుండాది చూపించు" అన్నాను. వాకిట్లో ఎవరూ నవ్వలేదు. ఇది కట్లపాము, ఆడా మగా చూసి రాలేదు, దీపానికి పురుగులు వస్తే పురుగులకు బల్లులు వచ్చాయి, బల్లులకు ఒక పాము వస్తే ఆ పాముకు ఇది వచ్చింది, మీ బావ నేసేటప్పుడు ఈ గోడకు నెర్రె లేదు, ఈ ఏడు తొలకరి వానలకు పడిందని అందరికీ వినబడేలా చెప్పాను. మీ బావ పామును కర్రతో గంజికుండలోకి తోసి, మూత వేసి, మూత మీద తనే కూర్చున్నాడు.

తర్వాత రెండు కుబుసం ముక్కలూ చౌడప్ప తాత చేతిలో పెట్టాను. చూపు లేని మనిషి, వేళ్ళతో చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇది వేరే నేత, ఇది వేరే నేత" అన్నాడు. ఒక్క పాము అని ఊరంతా అనుకున్నది రెండని తేల్చడానికి ఆయనకు పుస్తకం అక్కర్లేకపోయింది.

ఆంజనప్ప బావ ఊరుకోలేదు. పాము ఏదైనా సరే, ఆడమనిషి గుంతలో కూర్చోవడం కులానికి తప్పు అన్నాడు. అక్కడికి అసలు మాట బయటపడింది. ఇన్నాళ్ళూ పాము అడ్డం పెట్టుకుని అన్నది అదే. నేను ఆయనతో మాట్లాడలేదు. చౌడప్ప తాత మంచం ముందు నిలబడి రెండు చేతులూ చాపాను. నేనన్న మాటలు నీకు ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

"తాతా, పాముకు ఒళ్ళు చూసి పేరు పెడతారంట. నాకూ అట్లనే పెట్టండి. తొక్కేదానికి రెండు కాళ్ళు ఉండాయి. నాడె ఇసిరేదానికి రెండు చేతులు ఉండాయి. నేతగానికి ఉండల్సింది నా ఒంట్లో ఏది తక్కువుండాదో లెక్కపెట్టి చెప్పండి. లెక్క తప్పితే నేనే గుంత పూడుస్తా."

తాత చీర తెమ్మన్నాడు. నెమలిపింఛం చీర తెచ్చి ఒళ్ళో పెట్టాను. కొంగు, అంచు, ఒళ్ళు, మళ్ళీ తిరగేసి లోపలివైపు, ఒక్క జానెడు కూడా వదలకుండా తడిమాడు. ఒకచోట ఆగాడు. ఆ చోట పోగు తెగితే కట్టాను, అది నాకు తెలుసు, ఆయనకూ తెలిసింది. ఆయన మాత్రం వేలు జరిపి ముందుకు పోయాడు. చివరికి మడత పెట్టి నా చేతికిచ్చి ఇలా అన్నాడు. "బట్టలో నా చేతికి ఆడా తగల్లేదు, మగా తగల్లేదు. నేత తగిలింది. మన్ను ఎత్తుకపోండ్రా."

ఎత్తుకుపోనివ్వలేదు. ఆ మూడు గంపల మన్నూ తొక్కించి గోడ నెర్రె, ఎలుకబొక్క మెత్తించాను. ఆంజనప్ప బావ తెచ్చిన మన్ను బాగా అతుక్కుంది. పామును మీ బావ కుండతో సహా రైలుకట్ట అవతల కంపల్లో వదిలి వచ్చాడు. రోలు దిగిన బావ వెళ్ళేటప్పుడు మీ బావ వైపు చూసి, కండెలు చుట్టుకుంటా బతుకు అన్నాడు. "చుట్టుకుంటాలే అన్నా, నీకేమన్నా కావల్లంటే అడుగు" అన్నాడు మీ బావ. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి వాళ్ళన్నకు ఎదురు చెప్పడం నేను మొదటిసారి విన్నాను. ఆ రోజు ఆయనకు రెండు ముద్దలు ఎక్కువ పెట్టాను.

అమ్మకు ఎలా ఉంది? ఆమె వేళ్ళకు నా నమస్కారం చెప్పు. రెండు ముక్కలూ నీకే తిప్పి పంపుతున్నాను. ఈసారి అతకలేదు.

రామాంజినమ్మ


హిందూపురం,
25-10-1959.

అక్కకు,

అమ్మ లేచింది. జొన్నరొట్టె అడిగింది, అంటే బాగుపడ్డట్టే. నీ ఉత్తరం ఆమెకు మూడుసార్లు చదివాను. చౌడప్ప తాత ఆగిన చోటు దగ్గర ప్రతిసారీ నన్ను ఆపి, "కట్టు పైకి వేసింటాది, తొందర దానికి" అంది. మెచ్చుకోలు అంతవరకే.

నా మీద నాకు కోపం ఇంకా పోలేదు. తప్పు ఒప్పుకుంటే తేలికవుతుందంటారు కానీ నాకు కాలేదు. అందుకని ఒక పని చేశాను. నువ్వు పంపిన రెండు ముక్కలనూ నువ్వు అతికినట్టే గంజితో మళ్ళీ అతికి, ఎనిమిదో తరగతి బల్ల మీద పెట్టాను. ఇదేం పామో గుర్తులు చూసి చెప్పమన్నాను. అందరూ నాలాగే తల చూసి, లెక్కపెట్టి, విషం లేనిదని రాసేశారు. పరిగి నుంచి వచ్చే చిన్నక్క అనే పిల్ల మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని చివరిదాకా తడిమి, టీచరమ్మా ఈడ అతుకు ఉండాది అంది. వాళ్ళ ఇంట్లో ఏం పని చేస్తారని అడిగాను. మగ్గం అంది. ఆ పిల్లను ముందు బెంచీకి మార్చాను. ప్రాణిని మొత్తం చూడకుండా ఎవరూ పేరు పెట్టకూడదని, నేను పెట్టి ఏం చేశానో దాచకుండా క్లాసులో చెప్పాను. టీచరు పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే చులకనైపోతారని తోటి టీచర్లు అన్నారు. చులకనవుతాను గానీ అబద్ధం చెప్పలేనన్నాను.

ఇప్పుడు దాన్ని అద్దాల పెట్టెలో పెట్టాం. ఇలాంటివాటి కింద చీటీ రాయాలి, ఏ ప్రాణి, ఏ ఊళ్ళో దొరికింది, ఎవరు సేకరించారు, వాళ్ళు ఎవరు అని. నేను రాసింది ఇది: "రెండు పాముల కుబుసం. ధర్మవరం. సేకరించినది రామాంజినమ్మ, నేత." మా హెడ్‌మిస్ట్రెస్సు చూసి, నేత అంటే మగవాడనుకుంటారు, నేతగాని భార్య అని దిద్దమంది. దిద్దనన్నాను. ఎందుకని అడిగింది. మన సైన్సు పుస్తకం ప్రకారం ఒంటి గుర్తులు చూసి పేరు పెట్టాలండీ, భర్తను చూసి కాదు అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చీటీకి అద్దం బిగించడానికి వడ్రంగిని పంపింది.

నీ పేరు పక్కన నేత అన్న మాట ఒక బడిలో, అద్దం వెనక ఉంది. సంఘం మనిషి హిందూపురం వస్తే చూపిస్తాను.

ఈశ్వరి


ధర్మవరం,
1-11-1959.

ఈశ్వరికి,

చీటీ సంగతి చదివి మీ బావ కండె కింద పెట్టేశాడు. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. మళ్ళీ చదవమన్నాడు. చీర ముందుకు సాగాలా వద్దా అని కసిరాను.

చీటీలో ఒక మాట తక్కువ రాశావు. అద్దం ఊడదీయించి అయినా సరే దిద్దు. సేకరించినది నేను అని ఉంది, అతికినది ఎవరో లేదు. రేపు నువ్వు ఆ బడి నుంచి బదిలీ అయిపోతావు, వచ్చే టీచరు ఎవరో ఆ అతుకును చూసి పాము చేసిందనుకుంటే? లేకపోతే నువ్వు చేశావనుకుంటే? గంజితో నువ్వు మళ్ళీ అతికావని రాశావు కదా, నీ చేతి అతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. చిన్నక్క తడిమి పట్టుకుందంటేనే తెలిసిపోయింది, నా అతుకు పట్టుకోవడానికి అమ్మ కావలసి వచ్చింది.

అందుకని ఆ కుబుసాన్ని గొట్టంలో పెట్టి మళ్ళీ నాకు పంపు. నేను అతికి పంపుతాను. చీటీలో ఇలా రాయి: "సేకరించినదీ, తప్పుగా అతికినదీ రామాంజినమ్మ, నేత." తప్పు నాదే, అతుకూ నాదే, రెండూ నా పేరు మీదే ఉండాలి.

కర్ర తట్టి, కాళ్ళు గుంతలోకి దించుకునే ఇది రాస్తున్నాను. పేక కండె అయిపోయింది, మీ బావ ఇంకోటి అందిస్తున్నాడు. ఉంటాను.

నీ అక్క,
రామాంజినమ్మ,
నేత.